ఒకే కుక్క కరిచిన ఇద్దరం

నన్ను కరిచిన కుక్క పేరు పింకీ. తెల్లటి పామేరియన్, చంకలో ఇమిడిపోయేంత కుక్క. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు నవ్వుతారు. మొదటి రోజు నేనూ నవ్వాను. రెండేళ్ళు గడిచాయి. నాకేమీ కాలేదు, ఇక కాదని డాక్టరమ్మ కూడా చెప్పింది. అయినా ఆ రెండు నెలల సంగతి ఎవరికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పలేదు. చెప్పిన ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఇక్కడ దాన్ని కూడా రాస్తున్నాను.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెర మీద ఎవరో పెదవులు కదిపితే వాళ్ళకు గొంతు ఇస్తాను. అప్పటికి పదేళ్ళుగా హీరో చెల్లెళ్ళకు, ఆస్పత్రిలో నర్సులకు, గుంపులో ఏడ్చే ఆడవాళ్ళకు చెబుతూ వచ్చాను. హీరోయిన్‌కి ఒక్కసారీ చెప్పలేదు. మా ఆయన ప్రసాద్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవారు. అటువైపు బండలు పేల్చి వారానికో అద్దాల మేడ లేపుతున్న రోజులవి. శ్రీనగర్ కాలనీలో అద్దె ఇంట్లో ఆయన, నేను, ఆరేళ్ళ మా పాప, మా అత్తగారు ఉండేవాళ్ళం.

మా స్టూడియో ఫిల్మ్ నగర్‌లో. బస్సు దిగి ఒక ఎత్తు రోడ్డు ఎక్కాలి. ఆ దారిలో నల్ల గ్రానైట్ గోడల ఇల్లొకటి. ఆ ఇంటాయనకు సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది, కొత్తగా సినిమాల్లోకి దిగాడని స్టూడియోలో అనుకునేవారు. ఆ ఇంట్లో పనిచేసే నర్సమ్మ రోజూ నేను వెళ్ళే వేళకి కుక్కని తిప్పడానికి బయటికి తెచ్చేది. యాభై దాటిన మనిషి. పాలమూరు వైపు నుంచి వచ్చి, కొండ వెనక బస్తీలో కూతురితో ఉండేది. మా పరిచయం పలకరింపు వరకే.

ఆ రోజు పలకరింపు కూడా కాలేదు. గేటు తెరుచుకోవడం, కుక్క గొలుసు తెంపుకొచ్చి నా పిక్క పట్టుకోవడం ఒక్కసారే జరిగాయి. మొరగలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తు. నర్సమ్మ దాని దవడలు విడదీసి లాగింది. అది తిరిగి ఆమె బొటనవేలి మొదట్లో పళ్ళు దించింది. ఆమె దాన్ని అలాగే ఎత్తి గేటు పక్క గదిలోకి తోసి గడియ పెట్టి పరుగున వచ్చింది.

"రెండు దినాల సంది గిట్లనే జేస్తుంది. తింటలేదు. రా అమ్మా, గీ నల్లా కాడ కూసో."

తోట నల్లా దగ్గర నన్ను కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో నా పిక్క కడగడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదు. చాలు నర్సమ్మా, నాకు ఆలస్యమవుతోంది అన్నాను.

"చాలదు. పావుగంట కడగాలె. మా ఊర్ల నర్సు చెప్పింది. రక్తం పోతే పోనియ్యి. పసుపు గిట్ల ఏం పెట్టకు, కట్టు గట్టకు."

"మరి నీ చెయ్యి?"

"నాదేముంది, జర గీసుకుపోయింది." చీర కొంగు చించి చుట్టుకుంది. ఆ చేత్తోనే నా కాలు కడిగింది కాబట్టి ఆ చేతికీ సబ్బు తగిలిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. తన గాయం మాత్రం ఆమె విడిగా కడుక్కోలేదు. నేను కడుక్కోమని చెప్పలేదు.

అప్పుడు ఇంటావిడ బయటికి వచ్చింది. మా కృష్ణా జిల్లా వైపు మాట. "అయ్యయ్యో, ఎంత పనయిందండీ! మీరేం కంగారు పడకండి. మా పింకీకి అన్ని ఇంజెక్షన్లూ వేయించాం, కార్డు కూడా ఉంది" అంది. తర్వాత నా మొహం చూసి, "మీరు డబ్బింగ్ చెప్తారు కదూ? రోజూ వెళ్తుంటారుగా. మా వారు సినిమా మొదలెట్టారండీ. హీరోయిన్‌కి గొంతు కోసం వెతుకుతున్నారు. మీ పేరు చెప్తాలెండి" అంది.

కార్డు చూపించమని అడగాలి. ఆ చివరి మాట విన్నాక అడగలేకపోయాను.

ఆ సాయంత్రం ప్రసాద్ గాయం చూసి, "పెంపుడు కుక్కేగా, అంత ఇంట్లో ఇంజెక్షన్లు వేయించకుండా ఉంటారా?" అన్నారు. మా అత్తగారు సున్నం, కారం కలిపి తెచ్చారు. వద్దన్నాను. "పనిమనిషి చెప్తే వింటావు, నేను చెప్తే వినవు" అని కోపంగా గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు స్టూడియోలో మా సౌండ్ ఇంజనీరు రహీం భాయ్ నేను కుంటడం చూశాడు. అరవై ఏళ్ళ మనిషి, పాతబస్తీ. సంగతి విని మైకు కట్టేశాడు.

"సూది ఏసుకున్నవా?"

"పెంపుడు కుక్క భాయ్. కార్డు ఉందిట."

"కార్డు నువ్వు చూసినవా? మా పెద్దన్న గిట్లనే పోయిండు బేటీ. నేను చూసిన. ఇంకెవ్వల్ది చూడదల్చుకోలే. నడువు."

రికార్డింగ్ ఆపి, డైరెక్టర్ గొణుగుతున్నా వినకుండా, నన్ను స్కూటర్ మీద బంజారా హిల్స్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ. మాట కటువు.

"కుక్కకి టీకా వేశారని ఎవరు చెప్పారు?"

"ఆ ఇంటావిడండీ."

"ఆవిడ డాక్టరా?"

అంటూనే సిరంజి తీసింది. జబ్బకి ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. మొత్తం అయిదు, ఇవాళ, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. ఇవి కాక గాయంలోకే ఎక్కించాల్సిన మందు ఒకటి ఉంది, తమ దగ్గర లేదంది. ప్రసాద్‌కి ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి వచ్చి మూడు ఆస్పత్రులు తిరిగి, ఐసు డబ్బాలో పెట్టించుకుని తెచ్చారు. దాన్ని పిక్కలో, గాయం చుట్టూ, పళ్ళు దిగిన కంతల్లోకి కూడా గుచ్చి ఎక్కించారు. కుక్క కరిచినప్పుడు అరవని నేను అప్పుడు అరిచాను.

"కుక్కని కట్టేసి పది రోజులు చూడమనండి. చస్తే వెంటనే నాకు చెప్పండి. ఇంకెవరినైనా కరిచిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వాళ్ళ పనామెని."

"ఇవాళే తీసుకురండి."

ఆ రోజు కుదరలేదు. మూడో రోజు నా రెండో ఇంజెక్షన్‌కి వెళ్తూ గేటు దగ్గర ఆగాను. నర్సమ్మ వాకిలి ఊడుస్తోంది. చేతికి ఇంకా ఆ గుడ్డే ఉంది. కుక్క కనబడలేదు. ఊరి బయట వాళ్ళ తోటకి పంపారంది. డాక్టరమ్మ రమ్మన్న సంగతి చెప్పాను.

"అమ్మగారు ఏం ఫికర్ లేదన్నది గదమ్మా. కుక్కకు సూదులిప్పిచ్చిండ్రంట."

నేను వాచీ చూసుకున్నాను. మళ్ళీ చెబుతాలే అనుకున్నాను.

ఇంట్లో అప్పటికే వేరే కథ మొదలైంది. ప్రసాద్ ఆఫీసులో ఇంటర్నెట్ నుంచి ఈ జబ్బు గురించి దొరికినదంతా ప్రింటు తీసి తెచ్చారు. దొంతరంత కాగితాలు. టీవీ మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయారు. చదవమనీ అనలేదు, చదవొద్దనీ అనలేదు. నేను చదివాను. లక్షణాలు మొదలైతే ఇక మనిషి బతకడని, చివరిదాకా తెలివి ఉండొచ్చని, గొంతు నీళ్ళను పట్టదని ఉంది. ఆ రోజు నుంచి ఉదయం లేవగానే గ్లాసుడు నీళ్ళు తాగి చూసుకునేదాన్ని. దిగేవి. మధ్యాహ్నం మళ్ళీ అనుమానం వచ్చేది. స్టూడియోలో కొంచెం గొంతు జీరపోతే చాలు, చెమటలు పట్టేవి.

మా అత్తగారు నా కంచం, గ్లాసు విడిగా, పెరటి గట్టు మీద పెట్టడం మొదలుపెట్టారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ప్రసాద్ పాపని తీసుకుని హాల్లో పడుకోసాగారు. "దానికి దగ్గు, నీకు నిద్ర చెడుతుంది" అన్నారు. పాపకి దగ్గు లేదు. ఒకరోజు దానికి జడ వేయబోతే వెనక్కి జరిగింది.

"అమ్మా, నువ్వు మొరుగుతావా?"

"ఎవరే అలా అన్నది?"

"నాయనమ్మ. మొరిగితే నన్ను పిన్ని వాళ్ళింటికి పంపించేస్తారంట."

వంటింట్లో అత్తగారు గిన్నెలు గట్టిగా తోముతున్నారు. ప్రసాద్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. దువ్వెన బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చేశాను. కరిచిన కుక్క మీద కూడా నాకంత కోపం రాలేదు.

ఏడో రోజు క్లినిక్‌లో జనం ఎక్కువగా ఉన్నారు. బెంచీ చివర గ్రానైట్ ఇంటావిడ కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు పిల్లలు, జబ్బల మీద దూది నొక్కి పట్టుకుని. నన్ను చూసి ఒక్క క్షణం తడబడి నవ్వింది.

"ఊరికేనండీ, జాగ్రత్త కోసం. పిల్లలు దాంతో ఆడుకుంటారు కదా. మా వారూ వేయించుకున్నారు."

"నర్సమ్మ?"

"దానికి చెప్పామండీ. మొండిది, వినదు." తర్వాత గొంతు తగ్గించి, "మీ గురించి మా వారు డైరెక్టర్ గారితో మాట్లాడారు. పై వారంలో వాయిస్ టెస్టుకి పిలుస్తారు. మీ గొంతు బాగుంటుందని నేనే చెప్పాను" అంది.

థాంక్స్ అండీ అన్నాను. ఆ రోజు నా నోటినుంచి వచ్చింది ఆ మాటే.

పద్నాలుగో రోజు. ఈ రోజు గురించే నేనింతకాలం ఎవరికీ చెప్పలేదు.

నాలుగో ఇంజెక్షన్ వేయించుకుని స్టూడియోకి వస్తుంటే నర్సమ్మ గేటు అవతల నా కోసమే నిలబడి ఉంది. చేతి గుడ్డ తీసేసింది. గాయం మానింది. చిన్న మచ్చ, అంతే.

"అమ్మా, పింకీ సచ్చిపోయిందంట. తోటల. ఆడికి పంపిన రెండొద్దులకే. నిన్న డ్రైవర్ నోరు జారిండు. పాము గరిచిందని చెప్పుమన్నరంట. పోయిన నెల వీధికుక్క దాన్ని గేటు సందుల నుంచి గరిచింది. నేను గప్పుడే చెప్పిన, ఎవ్వలు ఇనలే." ఆమె నా చేతి మీది దూది వైపు చూస్తోంది. "ఇంట్లోళ్ళందరు సూదులేసుకున్నరు. నాకు చెప్పలే."

 ఇవాళే సర్కారు దవాఖానకి వెళ్ళు నర్సమ్మా, ఇవాళే, అన్నాను.

"పోయి అడిగినమ్మా. ఆడ బొడ్డు సుట్టు సూదులంట, పద్నాలుగు. రోజు పోవాలె, పొద్దుగాల పోతే మధ్యాహ్నం దాన్క లైను. అమ్మగారిని అడిగితే, ఏం గాలేదు నీకు, ఇంట్ల పెండ్లి పనులు నడుస్తున్నయ్, ఇంటినిండ చుట్టాలు, ఇప్పుడు పోతే మళ్ళ రాకు అన్నది. పని పోతే నా బిడ్డె, నేను ఏడికి పోవాలె?" కొంచెం ఆగింది. "నువ్వు జర మాట్లాడమ్మా. నీ మాటంటే ఆమెకు గౌరవం. నువ్వు చెప్తే పంపుతది."

"చెప్తాను. తప్పకుండా చెప్తాను" అన్నాను.

మర్నాడు నా వాయిస్ టెస్టు. ఆ గేటులోంచి లోపలికి వెళ్ళి, మీ కుక్క పిచ్చెక్కి చచ్చింది, మీరు దాచారు, మీ పనామెని చంపుతున్నారు అని చెప్పి, ఆ పై రోజు వాళ్ళ సినిమాకి మైకు ముందు నిలబడటం కుదరదని నాకు తెలుసు. టెస్టు అయ్యాక చెబుదామనుకున్నాను. టెస్టులో నెగ్గాను. హీరోయిన్‌కి గొంతు నాదేనన్నారు. డబ్బింగ్ అయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటి నుంచి స్టూడియోకి కింది రోడ్డు గుండా తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. దూరమే, కానీ అటు గేటు లేదు.

వాళ్ళకి చెప్పడం కుదరకపోతే ఆమెనే నా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. సూదులు జబ్బకే, ఒక గంట పని. ఆ ఊహ నాకు రాలేదని చెప్పుకోవచ్చు. వచ్చింది. ఆ ఇంటావిడకి తెలుస్తుందని ఊరుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు అయిదో ఇంజెక్షన్. రహీం భాయ్ స్టూడియోలో అందరికీ ఖుబానీ కా మీఠా పంచాడు. ఇంట్లో నా కంచం, గ్లాసు మాట లేకుండా మళ్ళీ అలమరలోకి చేరాయి. ప్రసాద్ పాపని తీసుకుని గదిలోకి వచ్చి, "భయమేసింది వాసంతీ. నీకోసం కాదు, మాకోసం" అన్నారు. నిజం చెప్పినందుకు కోపం తెచ్చుకోవాలో మెచ్చుకోవాలో తెలియలేదు. పాప వచ్చి నా పక్కన ముడుచుకుని పడుకుంది. నేను బతికాననిపించింది.

ఇంకో రెండు వారాలకి డబ్బింగ్ అయిపోయింది. ఆ మర్నాడు పాత దారిన వెళ్ళాను. గేటు దగ్గర కొత్త మనిషి ఊడుస్తోంది. నర్సమ్మ ఏదమ్మా అన్నాను.

"పానం బాగలేదంట. మొన్నటి సంది నీళ్ళు తాగుతలేదంట. సర్కారు దవాఖానల చేర్పిచ్చిండ్రంట."

  ఆటో ఎక్కాను.

ఈ జబ్బుకి చేర్చుకునే సర్కారు ఆస్పత్రి ఊరికి ఆ కొసన ఉంది. చివర్లో ఒక గది. కిటికీకి దుప్పటి కట్టారు. ఫ్యాను తిరగడం లేదు. గాలి తగిలితే గొంతు పట్టేస్తుందట. నర్సమ్మ మంచం మీద కూర్చుని ఉంది, పడుకోలేక. చేతులు మంచానికి గుడ్డలతో కట్టారు. పక్కన ఆమె కూతురు సుజాత తల్లి మూతి తుడుస్తోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బట్టల కొట్లో పనిచేస్తుంది. నర్సమ్మ నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోతే బాగుండుననుకున్నాను నేను.

"వచ్చినవా అమ్మా. నీ కాలు మానిందా?"

మానిందన్నాను.

"మంచిగైంది. నీకు చిన్న పిల్ల ఉన్నది గదా." ఆ మాట పూర్తి చేసేలోగా గొంతు బిగుసుకుని మనిషి విల్లులా వెనక్కి వంగింది. నర్సు నన్ను బయటికి పంపేసింది.

వరండాలో సుజాత వచ్చి నా పక్కన నిలబడింది. అరవలేదు.

"నువ్వేనా అక్కా డబ్బింగ్ అక్కవు? మా అమ్మ రోజు నీ ముచ్చటే చెప్పేది. పని పోతే పోయింది, సూదులకు పోదం పద అన్న నేను. 'ఆగు బిడ్డా, ఆమె మాట్లాడ్తనన్నది. అమ్మగారే పంపుతది, పని గుడ ఉంటది' అన్నది. రోజు గేటు కాడ నిలవడేది. నువ్వు అటు పోవుడు బంద్ జేసినవంట గదా?"

అవునన్నాను.

"మాట్లాడినవా?"

"లేదు."

ఆమె తలూపి లోపలికి వెళ్ళింది. నర్సమ్మ మర్నాడు పొద్దున పోయింది.

గ్రానైట్ ఇంట్లో మెదడు జ్వరమని చెప్పుకున్నారు. నేను వెళ్ళాను, ఆ గేటులోంచే, అప్పుడు. అనాల్సినదంతా అన్నాను. ఇంటావిడ విని, "మీకూ తెలుసు కదండీ వాసంతి గారూ. కుక్క సంగతి నర్సమ్మ అప్పుడే మీతో చెప్పిందటగా, డ్రైవర్ విన్నాడు. మరి మీరెందుకు చెప్పలేదు?" అంది. నేను బయటికి వచ్చేశాను. సినిమా విడుదలైంది. నా గొంతు బాగుందన్నారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు హీరోయిన్లకి చెప్పాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరినైనా కుక్క కరిస్తే, ఎంత చిన్నదైనా, ఎంత గొప్ప ఇంటిదైనా, నల్లా కింద సబ్బుతో పావుగంట కడగండి. ఏమీ పూయకండి. కార్డు ఉందన్నా ఆ పూటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గాయంలోకి ఇచ్చే మందు గురించి అడగండి. మొదటి రెండుతో ఊరుకోకండి, అన్ని ఇంజెక్షన్లూ వేయించుకోండి. ఆలస్యమైనా సరే వెళ్ళండి, ఎన్నో రోజైనా సరే. మీతోపాటు కరిపించుకున్న మనిషి ఉంటే చెప్పి ఊరుకోకండి. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళండి.

సుజాత తల్లి నోటిని వట్టి చేతులతో తుడిచింది కాబట్టి ఆమెకూ ఇంజెక్షన్లు కావాలంది డాక్టరమ్మ. నేను వెళ్ళి అడిగితే కాదనలేదు. అయిదుసార్లూ బస్తీకి వెళ్ళి తీసుకొచ్చాను. ప్రతిసారీ అదే బెంచీ మీద కూర్చునేవాళ్ళం.  పేరు పిలిస్తే సుజాత లేచి వెళ్ళేది. నా వంతు అప్పుడు నేను భయపడ్డట్టే ఆమె కూడా మంచినీళ్ళ సీసా మూత తీసి, ఒక గుక్క తాగి, ఆగి చూసుకోవడం నేను ఓరకంట గమనించాను.

అయిదోది అయ్యాక క్లినిక్ బయట బస్టాపులో నిలబడ్డాం. వచ్చే వారం ఒకసారి వచ్చి చూసి వెళ్తానన్నాను.

"వద్దు. ఇంగ రాకు అక్కా."

"కోపమా సుజాతా?"

"కోపముంటే తిట్టి ఊకుందును. నిన్ను చూసినప్పుడల్ల, సూదులేస్తే మా అమ్మ గుడ గిట్లనే నడుసుకుంట వచ్చేది గదా అనిపిస్తుంది. గంతే. ఒక్కటే అడుగుతున్న, మళ్ళ రాకు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా ఇటు చూడలేదు.

వాళ్ళమ్మ అడిగింది చెయ్యలేకపోయాను. సుజాత అడిగింది చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.